రావణుడి మీద వేసిన తువ్వాలు

నేను ఒక కార్డును. రేషన్ కార్డును కాను, పెళ్లి కార్డును అసలే కాను. కంప్యూటర్ కడుపులో గుచ్చే ఆకుపచ్చ పలకను. అరచేతిలో ఇముడుతాను. ఒంటి మీద నాలుగు నల్ల చిప్పులు, ఒక అంచున బంగారు పూత పూసిన పళ్లు, ఇంకో అంచున తీగ దూర్చే బొక్క. చూడడానికి ఏమీ ఉండదు. చూసినవాళ్లు కూడా తక్కువ.

నా పని చెబుతాను. కొన్ని కంప్యూటర్లకు సొంత డిస్కు చాలదు. వాటి సరుకంతా పక్క గదిలో ఒక ఇనుప పెట్టెలో ఉంటుంది. దాన్ని డిస్కుల పెట్టె అంటారు. పెట్టెకూ కంప్యూటర్‌కూ మధ్య ఒక తీగ. ఆ తీగ మీద వెళ్లి, ఫలానా నేను వచ్చాను, నా డిస్కు నాకివ్వు అని అడిగేది నేను. ఇవ్వాలా వద్దా అని చూసేది పెట్టె.

పెట్టె రెండు సంగతులు అడుగుతుంది. ఒకటి పేరు. రెండోది సెషన్ గుర్తు. అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలిసిన ఒక చిన్న ముక్క అది. మొదటిసారి వెళ్లినప్పుడు దాన్ని నేనే పుట్టించుకుంటాను. ఆ తర్వాత కరెంటు ఎన్నిసార్లు పోయినా, మిషను ఎన్నిసార్లు ఆపి వేసినా, మళ్లీ అదే చెప్పాలి. అందుకోసమే నాలో ఒక చిప్పు ఉంది. కరెంటు లేకపోయినా దానిలో రాసింది చెరగదు.

ఇంత పట్టింపు ఎందుకంటే, పల్లె బస్సును తలుచుకోండి. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేస్తారు. ఇక ఆ సీటు ఆయనది. కిందికి దిగి చాయ తాగి వచ్చినా ఆయనదే. మా మిషనుకూ అదే అలవాటు. డిస్కు దొరకగానే ఇంకో మిషను వచ్చి కూర్చోకుండా దాని మీద తువ్వాలు వేస్తుంది. బస్సులో అయితే కాస్త గొడవపడి, ఆ తర్వాత జరిగి కూర్చుంటారు. పెట్టె జరగదు. తువ్వాలు వేసినవాడి పేరూ గుర్తూ రెండూ రాసి పెట్టుకుంటుంది. పేరు సరిపోయి గుర్తు తప్పిందా, నువ్వు ఎవరో, తువ్వాలు వేసినవాడు ఎవరో అంటుంది. కరెంటు పోయి వచ్చినా ఆ తువ్వాలు అక్కడే ఉంటుంది.

నన్ను ఏ దేశంలో చేశారో నా వీపు మీద అచ్చేశారు. నా వీపు నాకు కనపడదు. ఫ్యాక్టరీలో ఒక అమ్మాయి ఆవులిస్తూ నన్ను పరీక్ష చేసింది. ఆవులింత పూర్తికాకముందే పాస్ చేసింది. ఇన్నేళ్లు నేను పనిచేశానంటే అందులో ఆమె చలవ ఏమీ లేదు.

నన్నూ నా జంటనూ కలిపి కొన్నది హైదరాబాదులో ఒక టీవీ చానల్. అవును, నాకు జంట ఉండేది. పెద్ద మిషన్లలో రెండేసి కార్డులు పెడతారు. ఒక దారి తెగితే ఇంకో దారి. ఇద్దరం పక్కపక్కనే ఉండేవాళ్లం. దాని గుర్తు దానిది, నా గుర్తు నాది. మాటలు ఉండేవి కావు. పని ఉండేది. మంచి కాపురానికి ఇంతకంటే ఏం కావాలో నాకు తెలియదు.

ఆ చానల్లో మనుషులు ఎప్పుడూ పరుగెత్తేవారు. ఎక్కడో గోడ కూలితే పరుగు, కూలకపోతే ఎందుకు కూలలేదని పరుగు. రోజంతా మా గుండా వార్తలు పోయేవి. పొద్దున పోయిందే సాయంత్రం కూడా పోయేది, రంగు మార్చి. ఒకరోజు పరుగు ఆగింది. జీతాలు రాలేదని మనుషులు వెళ్లిపోయారు. చానల్ మూతపడిందన్న వార్తను ఆ చానల్ వేయలేదు.

మిషన్లను లాటు కట్టి అమ్మారు. కొన్నవాడు భూమేశ్. కోరుట్ల దగ్గర ఒక పెద్ద ఊళ్లో అతనికి వీడియో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, పట్టుచీరల ఫంక్షన్లు, గృహప్రవేశాలు తీస్తాడు. టీవీవాళ్ల మిషను మా దగ్గర ఉందని చెప్పుకోవచ్చని కొన్నాడు. అదే కారణం, ఇంకో కారణం లేదు. నన్నూ, నా జంటనూ, మిషనునూ, డిస్కుల పెట్టెనూ గడ్డి పరుపుల మధ్య కుదేసి వ్యానులో తెచ్చాడు.

మొదటి వానాకాలంలోనే పిడుగు పడింది. నా జంట కాలిపోయింది. నేను మిగిలాను. ఎందుకు అది, ఎందుకు నేను కాదు అని అడగడానికి మాలో ఏర్పాటు లేదు. భూమేశ్ దాన్ని ఊడదీసి, వాసన చూసి, కిటికీలో పెట్టాడు. రెండు దారుల బరువు నా మీద పడింది. ఒక్కరి మీద నడిచేదానికి ఇద్దరెందుకు అన్నాడు ఆ రోజు. దాన్ని నేను క్షమించలేదు. ఇప్పుడూ క్షమించలేదు.

భూమేశ్ చెడ్డవాడు కాడు. చేతులు ఊరుకోవు, అంతే. మిషను ఆపడం అతనికి చేతకాదు. గోడ మీద మెయిన్ స్విచ్ కొట్టేస్తాడు. నేను మాట మధ్యలో ఉండగానే చీకటి. మర్నాడు మళ్లీ లేచి, పెట్టె దగ్గరికి వెళ్లి, పాత గుర్తే చెప్పేదాన్ని. ఓహో, నిన్న చెప్పకుండా పోయింది నువ్వేనా అని పాత సెషన్ మూసి, కొత్తది తెరిచేది పెట్టె. తిట్టేది కాదు. నవ్వేదీ కాదు. ఇద్దరికీ అలా కుదిరింది.

మిషను మీద కూర్చుని పనిచేసేది సుగుణ. స్టూడియోలో అసలు పని తెలిసింది ఆమె, గల్లాపెట్టె దగ్గర కూర్చునేది భూమేశ్. పెళ్లి వీడియోల్లో ఎవరు ఎవరితో మాట్లాడటం లేదో ఆమెకు ఒక్కసారి చూస్తే తెలిసిపోయేది. వాళ్లిద్దరినీ ఒకే బొమ్మలోకి రానిచ్చేది కాదు. గొడవలు పెళ్లిలోనే అయిపోవాలి, వీడియో దాకా రావొద్దు అనేది.

ఆ ఏడు ఆ ఊళ్లో చిరుతల రామాయణం ఆడారు. మగవాళ్లు చేతుల్లో చిరుతలనే చెక్క తాళాలు పట్టుకుని, వాయిస్తూ, గంతులేస్తూ, పాడుతూ ఆడే ఆట. రావణుడు ఓదెలు. సుతారి పని చేస్తాడు, గోడలు కడతాడు. సుగుణకు మేనమామ. మీసం మొలిచిన నాటి నుంచి ఆ ఊళ్లో రావణుడంటే ఓదెలే. మోకాళ్లు అరిగాయి కాబట్టి ఇక ఇదే ఆఖరని తేలిపోయింది. వచ్చేసారికి వేషం ఇంకొకరిదని ఆట నేర్పే గురువు చెప్పేశాడు.

ఓదెలు తన రావణుడిని ఒక్కసారి కూడా చూసుకోలేదు. ఎలా చూస్తాడు, వేషంలో ఉన్నది తానే. ఒకసారి ఎవరో పట్నం నుంచి వచ్చి తీశారట. అందులో రాముడే పడ్డాడు. రావణుడి చెయ్యి మాత్రం రెండుసార్లు కనిపించిందట. అందుకే సుగుణ ఈసారి మూడు కెమెరాలు పెట్టించి మొత్తం ఆట తీయించింది. తీరిక దొరికినప్పుడల్లా కూర్చుని ఆ ముక్కలన్నీ కలిపి కూర్చింది. దసరా నాడు జమ్మి పెట్టి వచ్చాక, చీకటి పడగానే, స్టూడియో ఎదుటి గోడ మీద ఊరందరికీ వేస్తామని చెప్పింది.

కూర్పు జరుగుతున్నప్పుడు ఓదెలు రోజూ సిమెంటు చేతులతో వచ్చి గుమ్మంలో నిలబడేవాడు.

"లోపటికి రా మామ, జరంత చూడు," అనేది సుగుణ.

"వద్దు. ఊరోళ్లతోని కలిసి చూస్త. ముందుగాల చూస్తే అక్కడ కొత్తగ చూసినట్టు నవ్వు మొఖం పెట్టరాదు నాకు."

"ఎందుకు నవ్వుతవ్? నువ్వు రావణునివి."

"నవ్వేది నేను. వాడు కాదు."

దసరా పొద్దున ఆయుధ పూజ. ఇనుము తాకి బతికేవాళ్లంతా ఆ రోజు ఇనుముకు మొక్కుతారు. నాగలి, కత్తెర, ట్రాక్టరు, కుట్టుమిషను అన్నిటికీ స్నానం, బొట్టు, సెలవు. భూమేశ్ స్టూడియోను కడిగించాడు. కెమెరాలకు దండలు వేశాడు. మిషను మూత తీసి బ్రష్షుతో నా వీపు తుడిచాడు. చక్కిలిగింత లాంటిది మాకూ ఉంటే అప్పుడే నవ్వేదాన్ని. అక్కడితో ఆగితే ఈ కథ లేదు.

పైన దుమ్ము పోయింది, లోపటి దుమ్ము సంగతేంది అనుకున్నాడు. పండగకు బండి ట్యాంకు కడిగినట్టు, కొట్టువాడు కొత్త పుస్తకం తెరిచినట్టు, నన్ను కూడా మొదటి నుంచి మొదలుపెడితే మంచిదని తోచింది. మిషను వేయగానే తెర మీద నా సొంత పేజీ ఒకటి వస్తుంది. దాంట్లో అట్టడుగున ఒక వరుస ఉంటుంది. అన్నీ చెరిపి, ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు చేయాలా అని అడుగుతుంది. భూమేశ్ అవునన్నాడు. నిజంగానా అని మళ్లీ అడిగింది. అతను మంత్రం చదువుతూ నిజంగానే అన్నాడు.

నా పేరు పోయింది. అది మిషను మీద అంటించిన చీటీలో ఉంది కాబట్టి చూసి మళ్లీ రాశాడు. గుర్తు పోయింది. అది ఒకటి ఉందనే అతనికి తెలియదు. ఆ చోటు ఖాళీగా ఉంది కాబట్టి నేను నా ధర్మం ప్రకారం కొత్తది పుట్టించుకున్నాను. ఫ్యాక్టరీలో ఆ అమ్మాయి ఆవులింత జ్ఞాపకం ఉంది నాకు. నా జంట వాసన జ్ఞాపకం ఉంది. ఆ చిన్న ముక్క మాత్రం లేదు. తర్వాత పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టి, పొద్దు వాలేదాకా ముట్టొద్దని మెయిన్ స్విచ్ కొట్టేశాడు.

ఎండ తగ్గాక సుగుణ వచ్చింది. మిషను వేసింది. నేను పెట్టె దగ్గరికి వెళ్లి పేరు చెప్పాను. సరే అంది. గుర్తు చెప్పాను. అది అక్కడే నిలబడింది. ఈ డిస్కు మీద తువ్వాలు ఉంది, వేసింది నువ్వు కాదు అంది. నేనే అన్నాను. గుర్తు చెప్పు అంది. చెప్పాను. అది కాదు అంది. రోజూ వచ్చే నన్ను, రోజూ మాట్లాడే నన్ను, గుమ్మంలో నిలబెట్టింది. ఇందులో దాని తప్పు లేదు. తప్పు లేనివాళ్ల మీద కోపం తెచ్చుకోవడమే కష్టం.

సుగుణ తెర మీద డిస్కు లేదు. రావణుడు లేడు.

"అన్నా, డిస్కు తెరుస్తలేదు," అని పిలిచింది.

భూమేశ్ కొత్త తెల్లంగి వేసుకుని వచ్చాడు. "మొన్నటిదాక మంచిగనే ఉండె గదా. ఆపి మళ్లెయ్యి."

ఆపి వేసింది. పెట్టె మళ్లీ అదే మాట. ఇంకోసారి వేసింది. అదే మాట.

"కెమెరా చిప్పుల్ల ఉంటది గదా ఆట?" అంది సుగుణ.

భూమేశ్ చెవి గోక్కున్నాడు. "తుడిసేసి మెట్‌పల్లి పెండ్లికి వాడిన."

ఇద్దరూ పక్క గదిలో ఉన్న పెట్టె దగ్గరికి వెళ్లారు. పెట్టె వెనకాల ఒక బటన్ ఉంది. దాన్ని నొక్కి పట్టుకుంటే పెట్టె అన్ని డిస్కులూ చెరుపుకుని కొత్తగా లేస్తుంది. భూమేశ్ వేలు అటే పోయింది. "దీన్ని గూడ ఒకసారి సాఫ్ చేస్తే అయిపోతది. దుమ్ము పట్టి మొరాయిస్తుంది."

"అన్నా, చెయ్యి తియ్యి."

"ఏం కాదు చెల్లె."

"చెయ్యి తియ్యి అంటున్న." సుగుణ స్టూలు లాగి, పెట్టెకు వీపు ఆనించి కూర్చుంది. "నేను లేస్తేనే నువ్వు దీన్ని ముట్టేది. ఇమ్రాన్‌కు ఫోన్ చెయ్యి."

ఇమ్రాన్ అంటే ఈ మిషన్లను జగిత్యాల నుంచి వచ్చి బిగించి పోయినవాడు. వాళ్లు ఫోన్ చేసేలోపు ఓదెలు వచ్చేశాడు. ఇస్త్రీ పంచె, భుజాన కండువా, నూనె రాసిన మీసం. చేతిలో జమ్మి ఆకు. వెనకాల ఇంటిల్లిపాది. ఎదుటి గోడకు సున్నం వేయించింది ఆయనే. గోడ ముందు అప్పుడే పిల్లలు చాపలు పరుస్తున్నారు.

"ఏందే కోడలా, రావణుడు ఇంకా లేవలేదా?"

"లేస్తడు మామ. బొట్టు పెట్టించుకుంటుండు."

ఓదెలు భూమేశ్ మొఖం చూశాడు. సుగుణ కూర్చున్న తీరు చూశాడు. సుతారి కాబట్టి గోడ ఎక్కడ పగిలిందో తట్టకుండానే తెలుస్తుంది. "నిజం చెప్పు బిడ్డ," అన్నాడు.

చెప్పింది. డిస్కు పెట్టెలోనే ఉందని, పెట్టె ఇవ్వడం లేదని, పెట్టెను చెరిపితే ఆట పోతుందని చెప్పింది. ఓదెలు భూమేశ్ వైపు తిరిగాడు.

"లంకను ఒకపారి కాల్చిండ్రు. అది రాసి ఉన్నది, ఒప్పుకున్న. నువ్వు ఇంకోపారి కాల్చకు తమ్మీ."

ఫోన్ కలిసింది. అందరికీ వినపడేలా పెట్టారు. ఇమ్రాన్ ఏదో నములుతున్నాడు.

"ఏం ముట్టిన్రు భూమేశ్ భాయ్?"

"ఏం ముట్టలే."

"ఏం ముట్టకుంటే గిట్ల కాదు."

"దుమ్ము దులిపిన."

"ఎక్కడి దుమ్ము?"

"లోపటి దుమ్ము."

నమలడం ఆగింది. "భాయ్, అది దుమ్ము కాదు. అది కార్డు మతి."

బస్సు సీటు మీద తువ్వాలు వేసినట్టు కార్డు పాత గుర్తు డిస్కును పట్టుకుని ఉందని, ఆ తువ్వాలు తీసేసే బటన్ ఆ పాత పెట్టెకు లేదని చెప్పాడు ఇమ్రాన్. ఉన్నది అన్నీ చెరిపే బటన్ ఒక్కటే, దాని జోలికి పోవద్దన్నాడు. నా జంట ఉండి ఉంటే దాని గుర్తు చెప్పి ఇద్దరం లోపలికి పోయేవాళ్లం కదా అని నాకు తోచింది. కానీ అది ఉంటే భూమేశ్ దాన్నీ తుడిచేవాడే. పోయి బతికిపోయింది.

"పాత గుర్తు మళ్ల రాస్తే తెరుసుకుంటది," అన్నాడు ఇమ్రాన్.

"అది కార్డుకే జ్ఞాపకం లేకపాయె. ఎవరిని అడగాలె?" అంది సుగుణ.

"పెట్టెనే అడుగు అక్కా. తువ్వాల ఎవరిదో దానికి తెలుసు. అందుకే గదా మిమ్ములను ఆపింది."

ఈ మాట నాకు ముందే తట్టాల్సింది. నేను పోగొట్టుకున్నది అంతసేపూ దాని దగ్గరే ఉంది. నన్ను ఆపింది దాన్ని చేతిలో పట్టుకునే. నాతో మాత్రం ఎన్నటికీ చెప్పదు, ఎందుకంటే దాని లెక్కలో నేను పరాయిదాన్ని. మనిషి వచ్చి అడిగితే చెబుతుంది.

ముందు గదిలోని చిన్న కంప్యూటర్‌లో పెట్టె పేజీ తెరిచి చూడాలి. అక్కడ కనపడింది ఇక్కడ నా పేజీలో రాయాలి. భూమేశ్ ముందు గదిలో కూర్చున్నాడు. సుగుణ మిషను దగ్గరికి వెళ్లింది. పోతూ పోతూ తన స్టూలు మీద ఓదెలును కూర్చోబెట్టింది, ఎందుకైనా మంచిదని. రావణుడు పెట్టెకు కాపలా కూర్చున్నాడు.

"ఉన్నదే," అని అరిచాడు భూమేశ్. "మన కార్డు పేరే. పక్కన గుర్తు గూడ ఉన్నది."

"ఒక్కొక్కటి చదువు. మెల్లగ."

"నాలుగు. సున్న. సున్న. బి."

"బి నా, డి నా?"

"బి. భూమేశ్‌ల బి."

"ఇప్పుడు గూడ నీ పేరేనా," అన్నాడు ఓదెలు లోపలి నుంచి.

"తర్వాత సి. చిరుతల సి. మళ్ల ఏడు. డి, దసరాల డి."

గుమ్మం బయట జనం చేరారు. ఏం జరుగుతోందో తెలియక, భూమేశ్ చదివిన ప్రతి అక్షరాన్నీ వాళ్లు కూడా గట్టిగా చెప్పసాగారు. ఒక ముసలమ్మ ఇది సినిమాలో పాట అనుకుని చేతులు తట్టింది. అలా ఊరంతా చెప్పగా నా గుర్తు నాకు తిరిగి వచ్చింది. ఫ్యాక్టరీలో ఏ కార్డుకూ ఇంత మర్యాద జరిగి ఉండదు.

సుగుణ రాసిందాన్ని రెండోసారి చదివించి సరిచూసింది. మిషను ఆపింది. ఆమె ఆపితే మెల్లగా, వరుసగా ఆగుతుంది. మళ్లీ వేసింది.

నేను పెట్టె దగ్గరికి వెళ్లాను. పేరు చెప్పాను. గుర్తు చెప్పాను.

నువ్వా, రా అంది పెట్టె.

అంతే. ఎక్కడికి పోయావని అడగలేదు. పాత సెషన్ మూసింది, కొత్తది తెరిచింది, డిస్కు ఇచ్చింది. సుగుణ పక్క గదిలోకి కేకేసింది. "మామ, ఇగ లేసి రా. దొరికిండు."

ఓదెలు స్టూలు మీంచి వెంటనే లేవలేకపోయాడు. మోకాళ్లు. భూమేశ్ వచ్చి చెయ్యి పట్టి లేపాడు. ఇద్దరూ జమ్మి ఆకు ఇచ్చిపుచ్చుకుని ఆలింగనం చేసుకున్నారు. భూమేశ్ కొత్త తెల్లంగికి మీసం నూనె అంటింది. తుడుచుకునే మొఖం అతనికి లేదు.

గోడ మీద బొమ్మ పడింది. నాకు బొమ్మ కనపడదు. ముక్కలు ముక్కలుగా నా గుండా పోతుంది, అంతే. మనుషుల గొంతులు మాత్రం తెరిచిన తలుపులోంచి వినిపిస్తాయి. రాముడు వచ్చినప్పుడు చప్పట్లు. సీత వేషం వేసిన మంగలి రాజయ్య కొంగు సర్దుకున్నప్పుడు నవ్వులు. రావణుడు చిరుతలు ఎత్తి రంగంలోకి దూకినప్పుడు ఒక్కసారి ఏమీ వినపడలేదు.

ఓదెలు తలుపు పక్కనే కుర్చీలో కూర్చున్నాడు. సుగుణ లోపల మిషను దగ్గర.

"గట్ల ఎగురుతుంటినా నేను?" అని అడిగాడు మెల్లగా.

"గట్లనే మామ."

"మోకాళ్లు మంచిగనే ఉండె గద."

"అప్పుడు నొప్పులు లేకుండెనా మామ?"

"అప్పుడు గూడ ఉండె. రావణునికి తెల్వకుండ దాచిన."

ఆట సాగింది. లంక కాలింది. కుంభకర్ణుడు లేచాడు, తిన్నాడు, పోయాడు. రాముడు విల్లు ఎత్తే సమయానికి గోడ ముందున్న జనం ముందుకు జరిగారు. రావణుడు చావాలి, చూడాలి. దసరా అంటే అదే కదా. అప్పుడు ఓదెలు లోపలికి వంగాడు.

"బిడ్డ, ఆపు."

సుగుణ ఆపింది. రాముడు బాణం సంధించి గోడ మీద ఆగిపోయాడు. బయట గోల. ఏమైంది, కరెంటు పోయిందా, భూమేశ్ మళ్లా ఏమన్న ముట్టిండా అని అరిచారు.

"ఇన్నేండ్ల సంది ప్రతిసారి సస్తనే ఉన్న," అన్నాడు ఓదెలు. "చచ్చుడు నాకు ఎరుకే, మళ్ల చూసుడెందుకు? నేను వచ్చుడు ఇయ్యాలటిదాక ఎన్నడు చూడలేదు, ఇంకోపారి చూస్త. మొదటినుంచి పెట్టు."

"ఊరోళ్లు ఊకుంటరా మామ?"

"కూసుంటరు. పండగ గదా, ఎక్కడికి పోతరు?"

బయట కొందరు తిట్టారు. కొందరు నవ్వారు. తర్వాత చాపల మీద సర్దుకున్న చప్పుడు వినిపించింది. సుగుణ వేలు మీట మీద పడింది. నేను పెట్టె దగ్గరికి వెళ్లి మొదటి ముక్క అడిగాను. ఇచ్చింది.